విశాఖలో ఇల్లు కొనడం మేలా, అద్దెకు ఉండడం మేలా?

కనీసం ఏడెనిమిదేళ్లు ఇక్కడే ఉంటామని నమ్మకం ఉంటే కొనొచ్చు, ఈలోపు ట్రాన్స్‌ఫర్ అయ్యే ఉద్యోగమైతే అద్దే నయం. కారణం, ఇల్లు కొన్నప్పుడు తిరిగిరాని ఖర్చులు మొదట్లోనే మీద పడతాయి. అవి పూడాలంటే కొన్నేళ్లు పడుతుంది.

మధురవాడలో 60 లక్షల ఫ్లాట్, అద్దె నెలకు 15 వేలు అనుకుందాం. 12 లక్షలు చేతి నుంచి పెట్టి, మిగతా 48 లక్షలు 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 40,150. మొదటి నెల కిస్తీలో 32 వేలు వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది ఎనిమిది వేల చిల్లర. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు. మూడేళ్లకే అమ్మాల్సి వస్తే ఇవన్నీ నష్టమే, ధర బాగా పెరిగితే తప్ప.

"అద్దె కట్టడమంటే డబ్బు బూడిదలో పోసినట్టే" అని చాలామంది అంటారు. కానీ లోన్ వడ్డీ కూడా తిరిగిరాదు, పైగా మొదటి ఏళ్లలో అది అద్దెకు రెట్టింపు. ఇక మెయింటెనెన్స్, ఇంటిపన్ను ఉండనే ఉన్నాయి. బీచ్ దగ్గరైతే ఉప్పుగాలికి తుప్పుపట్టే గ్రిల్స్ ఖర్చూ ఓనరుదే. కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీపై మినహాయింపు కూడా రాదు.