అండమాన్‌కి అప్పు చేసి వెళ్లకండి

ప్రశ్న: మాది విశాఖపట్నం. నా వయసు 33. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరికీ కలిపి నెలకు 92,000 చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 24,500, ఇంటి ఖర్చులు 42,000, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పొదుపు) 8,000. ఏప్రిల్‌లో 90,000 దాకా బోనస్ వస్తుంది. ఐదేళ్ల పాప ఉంది. అమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకు షుగర్. అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకోవాలని మా ఇద్దరికీ పెళ్లయినప్పటి నుంచీ కోరిక. డిసెంబరు చివర్లో ఎనిమిది రోజుల ప్యాకేజీ 2.50 లక్షలకు మాట్లాడుకున్నాం. 10,000 అడ్వాన్సు కట్టాం. పాపను అమ్మ దగ్గర వదిలి వెళ్తాం. బ్యాంకులో 45,000 ఉంది, దాన్ని కదపకూడదనుకుంటున్నాం. 90,000 క్రెడిట్ కార్డు మీద ఏడాది నో-కాస్ట్ ఈఎంఐ పెట్టి, మిగతా 1.50 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుందామని ఆలోచన. వడ్డీ 16 శాతం, 24 నెలలు. అది మంచిదా, గోల్డ్ లోన్ మంచిదా? కష్టమైతే సిప్‌లు కొన్నాళ్లు ఆపేస్తాం. ఎమర్జెన్సీకి 3 లక్షల లిమిట్ ఉన్న కార్డు ఉంది. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ 3 లక్షలు ఉంది.

జవాబు: పర్సనల్ లోన్ వద్దు, గోల్డ్ లోన్ కూడా వద్దు. సరదా ప్రయాణానికి అప్పు చేయడమే వద్దు. అండమాన్ మాత్రం తప్పకుండా వెళ్లండి, ఎప్పుడు, ఎంతలో వెళ్లొచ్చో కింద లెక్క వేసి చెబుతాను.

మీ ఉత్తరంలో అప్పు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టిన మాట చివర్లో ఉంది. "ఎమర్జెన్సీకి కార్డు ఉంది" అన్నారు. ఈ మాట నాకు వారానికి ఒక్కసారైనా వినపడుతుంది. బాగా చదువుకుని మంచి జీతాలు తెచ్చుకుంటున్న వాళ్లే అంటారు. అందుకే మీ ప్రశ్నకు ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల కిందటి సంగతి. రాజమండ్రిలో నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన కుటుంబంతో థాయ్‌లాండ్ వెళ్లొచ్చారు. కార్డు లిమిట్ 2.50 లక్షలు. అందులో 1.80 లక్షలు టూర్ కోసం ఈఎంఐకి మార్చుకున్నారు. తిరిగొచ్చిన మూడో వారంలో వాళ్ల నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రి కౌంటర్లో లక్ష రూపాయలు అడ్వాన్సు కట్టమన్నారు. కార్డు పెడితే మెషీన్‌లోంచి డిక్లైన్ చీటీ వచ్చింది. మళ్లీ పెట్టారు, మళ్లీ అదే చీటీ. నాకు ఫోన్ చేసి, "సార్, రెండున్నర లక్షల లిమిట్ ఉంది కదా, ఎందుకు పోవట్లేదు?" అని అడిగినప్పుడు ఆయన గొంతు వణుకుతోంది. ఈఎంఐకి మార్చుకున్న అసలు మొత్తం లిమిట్‌లో బ్లాక్ అయిపోతుందని, నెలనెలా కట్టేకొద్దీ ఆ మేరకే మళ్లీ అందుబాటులోకి వస్తుందని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చివరికి బావమరిది డబ్బు పంపిస్తే గట్టెక్కారు.

మీ విషయంలోనూ జరగబోయేది అదే. 90,000 ఈఎంఐకి పెట్టిన రోజే మీ 3 లక్షల లిమిట్ 2.10 లక్షలు అవుతుంది. దీవిలో హోటల్ బిల్లు, కెమెరా అద్దె, పాపకు బొమ్మలు అంటూ ఇంకొంత అందులోంచే పోతుంది. పైగా లిమిట్ అనేది మీ డబ్బు కానే కాదు. బ్యాంకు తగ్గించాలనుకుంటే తగ్గించేస్తుంది. ఆసుపత్రిలో వాడుకుని, గడువులోగా మొత్తం కట్టలేకపోతే చాలా కార్డుల్లో నెలకు దాదాపు మూడున్నర శాతం చొప్పున ఏడాదికి 42 శాతం దాకా వడ్డీ పడుతుంది. కార్డు అప్పు తెచ్చిపెట్టే సాధనం. దాన్ని అత్యవసర నిధి కింద లెక్కేసుకోవద్దు.

ఇప్పుడు మీ నెల లెక్క చూద్దాం. ఈఎంఐ, ఖర్చులు, సిప్‌లు పోగా మీకు 17,500 మిగులుతోంది. పర్సనల్ లోన్ కిస్తీ సుమారు 7,345, కార్డు కిస్తీ 7,500, రెండూ కలిపి 14,845. అవి కట్టాక మిగిలేది 2,655. నలుగురున్న ఇంట్లో, షుగర్ ఉన్న అమ్మగారితో, ఏడాది పాటు నెలకు 2,655 మిగులుతో నడుపుతారా? పాపకు జ్వరమొచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో పెడితే ఏం చేస్తారు? పర్సనల్ లోన్ వడ్డీ 26,000 పైనే. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి ఇంకో 3,540. అంటే దగ్గర దగ్గర 30,000 ఊరికే పోతుంది. అంత డబ్బు పెడితే ఇద్దరికీ విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ రానుపోను విమాన టికెట్లు వచ్చేస్తాయి. నో-కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ మేరకు ధరలో తగ్గించి ఇవ్వడమే, కాబట్టి అందులో కూడా ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటాయి. బంగారం తాకట్టు పెడితే వడ్డీ తగ్గుతుంది, నిజమే. కానీ ఇంట్లో ఆపద వస్తే గంటలో డబ్బు తెచ్చిపెట్టేది ఆ బంగారమే. దాన్ని చేపలు చూడ్డానికి తాకట్టు పెట్టకండి. సిప్‌లు ఆపే మాట కూడా మర్చిపోండి.

డైవింగ్ నేర్చుకోవాలనుకుంటున్నారు కాబట్టి అక్కడి సంగతే ఒకటి చెబుతాను. కోర్సులో చేరాక సిలిండర్‌లో గాలి ఎంత ఉందో చూపే గేజ్ మీ చేతికి ఇస్తారు. దాదాపు 200 బార్ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) గాలితో నీళ్లలోకి దిగుతారు. ముల్లు 50 దగ్గర ఎర్ర గీతను చేరేలోపే పడవ దగ్గర పైకి వచ్చెయ్యాలని మొదటి రోజే చెబుతారు. ఎదురుగా పగడపు దిబ్బ ఎంత అందంగా ఉన్నా సరే, ఇంకా 50 బార్ ఉంది కదా అని ఎవరూ కింద ఉండిపోరు. ఆ గాలి పక్కవాడికి కష్టమొస్తే ఇవ్వడానికి, కిందే ఏదైనా తేడా వస్తే మీరు బయటపడడానికి. మీ ఇంటికి అలాంటి నిల్వ 45,000 మాత్రమే. మీ నెల ఖర్చు, ఇంటి లోన్ కలిపి 66,500. అంటే ఉద్యోగం పోతే మూడు వారాలకు సరిపోదు.

డైవింగ్ కూడా అలవోకగా తీసుకునే పని కాదు. చివరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, లేకపోతే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. అలా జరిగితే ఒత్తిడి గదిలో పెట్టి చికిత్స చేయాలి. డైవింగ్‌కు వెళ్లే హ్యావ్‌లాక్ దీవిలో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో ఉన్నది చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. ఏదైనా పెద్ద అవసరం వస్తే సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ చేరాల్సిందే. (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం.) క్యాష్‌లెస్ (ఇన్సూరెన్స్ కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే పద్ధతి) లేని చోట ముందు జేబులోంచి కట్టి, బిల్లులు పెట్టుకుని తర్వాత తీసుకోవాలి. జేబులో లేనప్పుడు పాలసీ ఉన్నా చేతులు కట్టేసినట్టే.

పాలసీ గురించి చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. స్కూబా అంటే హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వదని కొందరు, అన్నీ ఇస్తుందని కొందరు అనుకుంటారు. వ్యక్తిగత హెల్త్ పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ 09 అనే నిబంధన ఉంటుంది, చదవండి. సాహస క్రీడల్లో వృత్తిగా పాల్గొనేవాళ్లకు అయిన చికిత్సకు డబ్బు ఇవ్వబోమని అందులో ఉంటుంది. స్కూబా పేరు కూడా ఉంటుంది. సెలవులకు వెళ్లి లైసెన్సు ఉన్న శిక్షకుడితో దిగిన మీకు అది వర్తించకూడదు. కానీ మీ కంపెనీ గ్రూప్ పాలసీ, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, ఏజెంట్ అంటగట్టే ట్రావెల్ పాలసీ వేరువేరు మాటలతో రాసి ఉంటాయి. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగండి.

అసలు దిగులు మాత్రం మీ అమ్మగారి గురించి. కంపెనీ పాలసీలో ఆమె ఉన్నారని మీరు రాయలేదు. ఉన్నా, ఉద్యోగం మారిన రోజు అది పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు సొంత పాలసీ తీసుకుంటే ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని నిరీక్షణ కాలం మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఆ గడియారం ఈ నెలే మొదలవ్వాలి. ఆమెకు విడిగా ఒక పాలసీ, మీ ముగ్గురికీ 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరూ ఒకే మొత్తాన్ని పంచుకునే పాలసీ) తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో షుగర్ దాచకండి. రెండింటికీ కలిపి ప్రీమియం కింద 50,000 పక్కన పెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, అదొక ఊరట.

ఇక ప్రయాణం సంగతి. ఈ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏడు నెలల మిగులు 1,22,500. ప్రీమియం పోగా 72,500. దానికి బోనస్ 90,000, బ్యాంకులో ఉన్న 45,000 కలిపితే 2,07,500. అంటే మూడు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్టే. దాన్ని మీ జీతం ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో స్వీప్-ఇన్ ఎఫ్‌డీ (అవసరమైనప్పుడు ఖాతాలోంచి తీసుకోగలిగే డిపాజిట్) కింద పెట్టి, ఆ బ్యాంకు ఏటీఎం కార్డు బీరువాలో పెట్టండి. మే నుంచి నెలకు 12,000 అండమాన్‌కి, 5,500 అత్యవసర నిధికి వేయండి. ఫిబ్రవరి చివరికి ప్రయాణానికి 1.20 లక్షలు ఉంటుంది, నిధి 2.62 లక్షలకు చేరుతుంది. ఆ తర్వాత 4 లక్షలు అయ్యేదాకా నిధిని పెంచుతూనే ఉండండి. బోనస్ వచ్చిన ప్రతిసారీ మొదటి వాటా దానిదే.

మార్చిలో అక్కడ సముద్రం చాలావరకు ప్రశాంతంగా ఉంటుంది, క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ ఉండదు, గదుల ధరలూ తగ్గుతాయి. 1.20 లక్షల్లో విమానం టికెట్లకు 30,000, ఆరు రాత్రుల బసకు 24,000, పోర్ట్ బ్లెయిర్, హ్యావ్‌లాక్, నీల్ దీవుల మధ్య ఫెర్రీలకు 9,000, తిండి, ఆటోలకు 20,000. ఇద్దరికీ ఒక్కో పరిచయ డైవ్‌కు కలిపి 12,000. శిక్షకుడు పక్కనే ఉంటాడు, 12 మీటర్ల లోతు దాటనివ్వడు. మిగిలిన 25,000 తాకకండి. గాలి మారితే ఫెర్రీలు రద్దవుతాయి, ఇంకో రాత్రి గది, ఇంకో విమానం టికెట్ కొనాల్సి రావచ్చు. నాలుగు రోజుల పూర్తి కోర్సుకు మనిషికి 30,000 పైమాటే. మొదటి డైవ్‌లో చెవుల నొప్పి వచ్చి ఇక చాలు అనుకునేవాళ్లను చూశాను. ముందు ఋషికొండలోనే ఒకసారి దిగి చూడండి, ఇంటి పక్కనే కదా.

డబ్బు కట్టే ముందు ఇంకో పని చేయండి. డైవింగ్‌కు ముందు ఆరోగ్య ప్రశ్నాపత్రం నింపాలి. ఆస్తమా, గుండె జబ్బు, ఈ మధ్య జరిగిన ఆపరేషన్ లాంటి వాటికి అవును అని రాస్తే డాక్టరు సంతకం లేకుండా నీళ్లలోకి దించరు. అప్పుడు కట్టిన డబ్బు తిరిగి రాకపోవచ్చు. ఇద్దరూ ముందే డాక్టరుకు చూపించుకోండి. పాపను కూడా తీసుకెళ్లాలనిపిస్తే, పదేళ్లు నిండేదాకా సముద్రంలో డైవ్‌కు ఒప్పుకోరు. ఒకరు దిగితే ఒకరు ఒడ్డున ఉండాలి.

"ఐదు నిమిషాల్లో అప్రూవల్" అంటూ మీ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ తీసేయండి. అడక్కుండానే అప్పు ఇస్తామనేవాడు మీ ఇంటి లెక్క చూడడు, మీ కిస్తీ తేదీ మాత్రమే చూస్తాడు.

మిగిలింది ఆ 10,000 అడ్వాన్సు. ఏజెంట్‌కు ఫోన్ చేసి ప్యాకేజీని వచ్చే మార్చికి కాదు, ఆ పై ఏడాది మార్చి నెలకు, చిన్న బడ్జెట్‌కు మార్చమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ 10,000 వదులుకోండి. దాన్ని కాపాడుకోవడానికి 30,000 వడ్డీ, ఫీజులు కడితే ఇంకో 20,000 నష్టపోతారు. మిగతా డబ్బు కట్టాల్సిన తేదీ దగ్గరపడకముందే, ఈ వారంలోనే ఫోన్ చేయండి.