కానుకకు పుస్తకం: ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ కొనాలి?

ప్రశ్న: త్వరలో ఉద్యోగ విరమణ చేయబోతున్న మా సహోద్యోగికి పుస్తకం కానుకగా ఇవ్వాలని ఉంది. ఆయన బాగా చదువుతారు కాబట్టి, ఏది ఇచ్చినా ఇదివరకే చదివి ఉంటారేమోనని సందేహం. చిన్న పుస్తకాల షాపులను బతికించుకోవాలని అందరూ అంటారు గానీ, అదే పుస్తకం ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తుంటే అక్కడే కొనవలసిన అవసరం ఉందా?

జవాబు: ఏ పుస్తకం కావాలో ముందే తేలిపోయినప్పుడు తక్కువ ధర ఎక్కడుందో వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. మీకు తేలనిది అదే కాబట్టి, ఉన్న కొద్దిపాటి అరల్లో ఏది పెట్టాలో, ఏది తీసేయాలో రోజూ ఆలోచించే చిన్న షాపు యజమాని సలహా మీకు రాయితీ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. అయితే ఆయన్ను "మంచి పుస్తకం ఒకటి ఇవ్వండి" అని అడిగితే బల్ల మీద ముందు వరుసలో ఉన్నదే చేతికొస్తుంది. మీ సహోద్యోగి ఈమధ్య ఇష్టంగా పూర్తి చేసిన పుస్తకం పేరుతో పాటు, సగంలో వదిలేసిన పుస్తకం పేరు కూడా చెప్పండి. నా ఉద్దేశంలో రెండోదే ఎక్కువ పనికొస్తుంది. ఆరువందల పేజీల చరిత్ర గ్రంథాన్ని మధ్యలో ఆపేసిన వ్యక్తి ఆ కాలం గురించి ఇప్పటికీ ఉత్సాహంగా మాట్లాడుతున్నారంటే, ఆయనకు విసుగు పుట్టించింది విషయం కాదు, కథనం. అదే కాలం మీద ఎవరైనా రాసుకున్న చిన్న ఆత్మకథ ఆయనకు నచ్చే అవకాశం ఎక్కువ.

ఇదివరకే చదివి ఉంటారన్న భయం ఉంటే, ఆయన అభిమాన రచయిత జోలికి వెళ్లకండి. మార్చుకునే వీలుందా అని ముందే అడిగి, బిల్లు దాచి, నాలుగు మాటలు విడిగా ఒక కార్డు మీద రాయండి. మొదటి పేజీలో రాసి ఇవ్వడం ముచ్చటగానే ఉంటుంది గానీ, రాసిన ప్రతిని షాపువారు వెనక్కి తీసుకోవడం కష్టం. పుస్తకాన్ని నడుమకు తెరిచి అక్షరాల పరిమాణం చూడండి. లోపలి అంచు దాకా అచ్చు వేసిన పుస్తకాన్ని రెండు చేతులతో విడదీసి పట్టుకుంటే తప్ప చదవలేం.

ఇక ధర సంగతి. తక్కువ ప్రతులు కొనే షాపుకు ప్రచురణకర్తలు ఇచ్చే తగ్గింపు సాధారణంగా తక్కువే. అందులోనుంచే అద్దె, జీతాలు రావాలి. ఫ్రాన్స్ 1981లో చేసిన చట్టం ప్రకారం కొత్త పుస్తకం ధరను ప్రచురణకర్తే నిర్ణయిస్తారు, అమ్మేవారు సాధారణంగా 5 శాతానికి మించి తగ్గించకూడదు. దాంతో అక్కడి షాపుల మధ్య పోటీ ధరను వదిలి ఎంపిక మీదికి, సలహా మీదికి మళ్లింది. అలాంటి చట్టం లేనిచోట చిన్న షాపు ధరలో నెగ్గలేదు. అందుకే అరగంట సలహా తీసుకుని, అట్ట ఫొటో తీసుకుని, బయటికొచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం నాకు బొత్తిగా నచ్చని పని.

ప్రశ్న: నేను ఏడాదికి ఒకటి రెండు పుస్తకాల కంటే కొనలేను. నా వల్ల షాపుకు మేలు ఏముంటుంది?

జవాబు: ఎప్పుడు, ఎలా కొంటారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. రాబోయే పుస్తకానికి ముందుగా ఆర్డర్ ఇస్తే ఎన్ని ప్రతులు తెప్పించాలో షాపుకు అంచనా దొరుకుతుంది. అరలో లేని పుస్తకం కావాలంటే "లేదట" అని వెనుదిరగకుండా తెప్పించమనండి. వెనుక అట్ట మీది ఐ.ఎస్.బి.ఎన్. (ఒక్కో ప్రచురణకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాసిస్తే, ఒకే పేరుతో ఉన్న సంక్షిప్త ప్రతి పొరపాటున రాదు. 2007 నుంచి ఈ సంఖ్యలో 13 అంకెలుంటున్నాయి, పాత పుస్తకాల మీద 10 కనిపిస్తాయి. మీరు పనిచేసే కార్యాలయమో, పిల్లల బడో బహుమతుల కోసం పుస్తకాలు కొంటుంటే ఆ ఆర్డర్ చిన్న షాపుకు వెళ్లేలా ఒక మాట వేయండి. మీరు ఏళ్ల తరబడి కొనేదానికంటే అదే పెద్దదవుతుంది.