కోడ్ చెప్పినందుకు ప్రోనోటు రాసివ్వాలా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. వయసు 61. కాకినాడలో ఉంటాం. ఆరేళ్లుగా మిద్దెతోట వాట్సాప్ గ్రూపు ఒకటి నడుపుతున్నాను. నాలుగొందల మంది దాకా ఉన్నాం. విత్తనాలు, అంట్లు, దుంపలు ఒకరికొకరం పంపుకుంటాం. అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. తొమ్మిది రోజుల కిందట గ్రూపులోని ఒకావిడ నంబరు నుంచి ‘అమ్మా, నాటు విత్తనాల పంపిణీ లిస్టులో మీ పేరు ఎక్కిస్తున్నాను, మీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది, చెప్పండి’ అని మెసేజ్ వచ్చింది. తెలిసిన మనిషే కదా అని చెప్పేశాను. నిమిషంలో నా వాట్సాప్ పోయింది. ఆవిడ నంబరు కూడా అప్పటికే దొంగల చేతిలో ఉందని తర్వాత తెలిసింది. ఆ రాత్రే నా పేరుతో ‘కడియం నుంచి ఎడీనియం గ్రాఫ్టులు టోకుగా తెప్పిస్తున్నాను, అడ్వాన్స్ 1,500’ అని గ్రూపులో పెట్టారు. 11 మంది కట్టారు. ఇంకొకాయనకు విడిగా ‘ఆసుపత్రిలో ఉన్నాం’ అని మెసేజ్ పెట్టి 12,000 లాగారు. మొత్తం 28,500. మా అబ్బాయి వచ్చి మూడో రోజుకి వాట్సాప్ వెనక్కి తెప్పించాడు. ఇప్పుడు ‘కోడ్ ఇచ్చింది మీరే, డబ్బు మీరే కట్టాలి, లేకపోతే కేసు పెడతాం’ అంటున్నారు. 12,000 పోయినాయన ప్రోనోటు రాసివ్వమంటున్నారు. ఒకరైతే నా ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి ‘ఈమెతో జాగ్రత్త’ అని రాశారు. ఇంతవరకు ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. నా మీద కేసు అవుతుందా? పరువు కోసం కట్టేయమంటారా? (పేరు రాయొద్దని కోరారు)

జవాబు: అమ్మా, ముందు ఆ ప్రోనోటు సంగతి. దాని మీద సంతకం పెట్టకండి. మిగతా జవాబు రేపు తీరిగ్గా చదువుకున్నా ఫర్వాలేదు.

ప్రోనోటులో ఏం రాస్తారో మీకూ తెలుసు: ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ దినమున మీ వద్ద బదులు తీసుకున్న సొమ్ము’ అని. మీరు ఆయన దగ్గర రూపాయి తీసుకోలేదు. కానీ రెవిన్యూ స్టాంపు మీద సంతకం పడిందంటే వాట్సాప్, హ్యాకింగ్ సంగతులన్నీ పక్కకు పోయి, మీరు అప్పు తీసుకున్న మనిషి అయిపోతారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ప్రకారం, సంతకం మీదేనని తేలితే సొమ్ము ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టలేదని రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది. మూడేళ్ల లోపు ఎప్పుడైనా దావా వేయొచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీ అని రాయించుకుంటే అదీ కలుస్తుంది. ‘అయితే ఒక ఖాళీ చెక్కు ఇవ్వండి, నమ్మకం కోసం’ అంటారేమో, అదీ ఇవ్వకండి. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు కూడా అప్పు తీర్చడానికి ఇచ్చినట్టే లెక్కని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అది బౌన్స్ అయితే ఇదే చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. మొహమాటానికి పెట్టిన సంతకాలు ఏళ్ల తరబడి మనుషుల్ని కోర్టు వరండాలో నిలబెట్టడం చాలాసార్లు చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ బాధ్యత ఎంత? కోడ్ చెప్పడం పొరపాటే, కాదనను. కానీ పొరపాటు వేరు, మోసం వేరు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం నేరం అవ్వాలంటే ఎదుటివారిని దగా చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఇతరుల పాస్‌వర్డునో గుర్తింపునో దొంగతనంగా వాడుకోవడం ఐటీ చట్టం 66సి, కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేయడం 66డి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ఈ సెక్షన్లలో మీ స్థానం ఎక్కడంటే, బాధితురాలి స్థానం. దొంగ వాడుకున్నది మీ గుర్తింపునే. గ్రూపు నడిపేది మీరే కాబట్టి మీదే బాధ్యత అన్న మాట కూడా ఎవరైనా అనొచ్చు. సభ్యులు పెట్టిన పోస్టులకు, కేవలం అడ్మిన్ అయిన కారణంగా ఒకరిని నేరస్తుల్ని చేయలేమని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మీ సంగతిలో పోస్టు పెట్టినవాడు సభ్యుడు కూడా కాదు.

నష్టపోయినవాళ్లను నిందించడం నాకు ఇష్టం లేదు, వాళ్లూ మంచి మనసుతో నమ్మి కట్టారు. అయినా ఒక్క విషయం మీకు తెలియాలి. యూపీఐలో డబ్బు పంపేముందు అవతలి ఖాతాదారు పేరు స్క్రీన్ మీద కనిపిస్తుంది. మీ పేరు బదులు ఎవరిదో పేరు కనబడినా 12 మంది పిన్ నొక్కారు. కాబట్టి ‘నష్టానికి కారణం ఈమె ఒక్కతే’ అని సివిల్ కోర్టులో నిలబెట్టడం అంత తేలిక కాదు. డబ్బు తిరిగి ఇవ్వాల్సింది దాన్ని అందుకున్నవాడు. పొరపాటున చేరిన సొమ్మును అందుకున్నవాడు తిరిగి ఇచ్చితీరాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతుంది.

కేసు భయం గురించి. వాళ్లు కేసు పెడతామంటున్నారు కదా, పెట్టనివ్వండి. పెట్టాలనే నేనూ కోరుకుంటున్నాను, డబ్బు పట్టుకున్న దొంగ మీద. ఆ పని వాళ్లకన్నా ముందు మీరు చేయాలి. తొమ్మిది రోజులు ఫిర్యాదు చేయకుండా ఉండటమే మీరు చేసిన అసలు ఆలస్యం. సిగ్గుతో, టెన్షన్‌తో ఆగి ఉంటారు. టీచర్లు, బ్యాంకు రిటైర్డు ఆఫీసర్లు, డాక్టర్లు ఇలాగే ఆగిపోవడం నాకు తెలుసు. ‘ఇంత చదువుకుని కోడ్ చెప్పావా’ అంటారని భయం. ఆ భయం వల్ల దొంగకు దొరికేది సమయం. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు గంటల్లో వెళ్లిపోతుంది. మొదటి గంటల్లో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, దారిలో ఉన్న డబ్బును బ్యాంకులు ఆపేసే అవకాశం ఉంటుంది. ఇప్పుడు ఆ అవకాశం తగ్గింది. అలాగని ఫిర్యాదు వృథా కాదు. అవే ఖాతాల్లోకి ఇంకా ఎవరెవరి డబ్బో వస్తుంటుంది, అవి ఫ్రీజ్ అయి ఉండొచ్చు కూడా.

మీరు చేయాల్సింది ఇది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మీ వాట్సాప్ ఖాతా కాజేసి మీ పేరుతో మోసం చేశారని ఫిర్యాదు నమోదు చేయండి. నంబరు వస్తుంది, ప్రింటు తీసుకోండి. దానితోపాటు రాతపూర్వకంగా ఒక కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లండి. ఎంత సమయానికి కోడ్ మెసేజ్ వచ్చింది, ఎప్పుడు లాగౌట్ అయింది, ఎప్పుడు తిరిగి వచ్చింది, ఈ మూడు సమయాలూ అందులో ఉండాలి. కోడ్ వచ్చిన ఎస్సెమ్మెస్ డిలీట్ చేయకండి. మీ వాట్సాప్ మీ చేతిలో లేని ఆ మూడు రోజుల్లోనే మోసపు పోస్టులు పడ్డాయని చూపించే సాక్ష్యం అదే. ఫోన్ ఫార్మాట్ చేయొద్దు, మార్చొద్దు. స్క్రీన్‌షాట్లు కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అది తర్వాత మీ వకీలు చూసుకుంటారు.

‘ఇది మా పరిధి కాదు, సైబర్ స్టేషన్‌కు వెళ్లండి’ అని పంపేస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ గుర్తు చేయండి. ఏ ప్రాంతంలో జరిగిన నేరమైనా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో వినకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. ఐటీ చట్టం నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. కాబట్టి నేరుగా ఇన్‌స్పెక్టర్ గారినే కలవండి.

వాళ్లలో ఎవరైనా మీ మీద ఫిర్యాదు ఇస్తే పోలీసులు మిమ్మల్ని వివరాలు అడగొచ్చు, అది మామూలే. సాక్షిగా అడగాల్సి వస్తే నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ కింద మహిళల్ని వాళ్లుండే చోటే విచారించాలి, స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. ఎవరైనా ఫోన్ చేసి ‘మీ మీద కేసు అయింది, వెంటనే ఇంత కట్టండి’ అంటే అది పోలీసు కాదు. ఒకసారి మోసపోయిన నంబరుకు రెండో విడత దొంగలు వస్తుంటారు.

డబ్బు పోయిన ఆ 12 మంది ఎవరికి వారు విడిగా ఫిర్యాదు ఇవ్వాలి. మీరు ఒక్కరు ఇచ్చినంత మాత్రాన వాళ్ల డబ్బు జాడ దొరకదు, లావాదేవీ ఉన్నది వాళ్ల ఖాతాల్లో. ప్రతి యూపీఐ చెల్లింపుకూ పన్నెండంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. యాప్‌లో ఆ చెల్లింపు మీద నొక్కితే కింద కనిపిస్తుంది. అదీ, సమయమూ, అందుకున్న యూపీఐ ఐడీ కలిపి ఇస్తే చాలు. ‘1,500కి కూడా కేసా’ అనుకోవద్దు. ఒకే ఐడీ మీద 12 ఫిర్యాదులు చేరితే ఆ ఖాతాను పట్టించుకోక తప్పదు. ఎక్కడైనా డబ్బు ఆగి ఉంటే దాన్ని నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద కోర్టు ఉత్తర్వుతో తిరిగి ఇప్పించుకోవచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. బ్యాంకు నష్టం భరించాలని ఆర్‌బీఐ 2017లో ఇచ్చిన సర్క్యులర్ గురించి ఎవరైనా చెబితే, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అది ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీల కోసం. ఇక్కడ వాళ్లే పిన్ కొట్టి పంపారు.

ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టినాయన చేసింది తప్పు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం అవుతుంది. కానీ నా సలహా, కేసు దాకా వెళ్లకండి. ఫిర్యాదు ప్రింటు పంపి, ‘నేనూ బాధితురాలినే, దయచేసి తీసేయండి’ అని ఒకసారి అడగండి. తీయకపోతే నోటీసు ఇద్దాం. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయానికి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

మీరు అడగకపోయినా ఖాతా గురించి కొంచెం చెప్పాలి. దొంగలు మొక్కలవాళ్లకు విత్తనాల భాషలో, పాత నాణేలవాళ్లకు నాణేల భాషలో మాట్లాడతారు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు చెప్పి కమీషన్లు అడుగుతున్నారని 2021 ఆగస్టులో ఆర్‌బీఐయే ప్రజల్ని హెచ్చరించింది. అభిరుచి ఉన్నచోట నమ్మకం తొందరగా పుడుతుంది, వాళ్లకు కావాల్సింది అదే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ ఈరోజే పెట్టండి. అప్పుడు ఎస్సెమ్మెస్ కోడ్ ఎవరికైనా చిక్కినా, మీరు పెట్టుకున్న ఆరంకెల పిన్ లేకుండా మీ ఖాతాలోకి రాలేరు. ‘లింక్డ్ డివైసెస్’లో మీది కాని ఫోనో కంప్యూటరో ఉంటే తీసేయండి. కాల్స్ వేరే నంబరుకు మళ్లించారేమోనని అనుమానం ఉంటే ##002# డయల్ చేయండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి. ఖాతా మీ చేతిలో లేని మూడు రోజుల్లో మీ పాత చాట్లన్నీ చదివేశారేమోనన్న భయం వద్దు. వేరే ఫోన్‌లో లాగిన్ అయినంత మాత్రాన పాత మెసేజ్‌లు వాటంతట అవి అక్కడికి వెళ్లవు. కానీ ఆ మూడు రోజుల్లో గ్రూపులో పడ్డవన్నీ వాళ్లు చూసి ఉంటారు. మరో ఇద్దరు నమ్మకస్తుల్ని అడ్మిన్లుగా పెట్టండి. ఆ రాత్రి రెండో అడ్మిన్ ఎవరైనా ఉండి ఉంటే ఆ ఎడీనియం పోస్టును అందరికీ కనబడకుండా తీసేసి ఉండేవారు.

ఫిర్యాదు నంబరు చేతికి రాగానే గ్రూపులో ఈ నాలుగు మాటలు పెట్టండి, ఇంతకుమించి వాదించకండి:

‘అందరికీ నమస్కారం. ఫలానా తేదీ రాత్రి నుంచి మూడు రోజులు నా వాట్సాప్ వేరేవాళ్ల చేతిలో ఉంది. ఆ సమయంలో నా పేరుతో అడిగిన డబ్బు నేను అడగలేదు, నాకు చేరలేదు. నేను పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను, నంబరు ఇది. డబ్బు పంపినవారు యూటీఆర్ నంబరుతో 1930కి ఫోన్ చేయండి, పోర్టల్‌లో నింపడం రాకపోతే మా ఇంటికి రండి, దగ్గరుండి నింపిపెడతాను.’