వంశవృక్షం గీయించే ముందు

అమ్మా,

నీ ఉత్తరం అందింది. ఎనిమిదో తరగతి పిల్లల చేత వంశవృక్షం గీయించి ‘నేనెవరు’ అన్న పాఠం చెయ్యాలనుకుంటున్నావు. తప్పకుండా చెయ్యి, కానీ వంశవృక్షంతో మొదలెట్టకు. మన పర్లాకిమిడిలో ఒకే బెంచీ మీద తెలుగు పిల్ల, ఒడియా పిల్లాడు, సవర గిరిజనుల పిల్ల కూర్చుంటారు. ఇంటిపేరు వినగానే పక్కవాడికి కులం తెలిసిపోతుంది. తాతల పేర్లు చార్టు మీద రాయించి గోడకి అంటిస్తే, ఆ పని నువ్వే చేసిపెట్టినట్టవుతుంది. తండ్రి పేరు రాయలేని పిల్లలూ ఉంటారు. వాళ్లని నలుగురిలో ఇబ్బంది పెట్టకూడదు.

ఊరితో మొదలెట్టు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన ఊరు ఒడిశాలోకి వచ్చింది. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిపోయిన కుటుంబాలెన్నో. ఇంట్లో పెద్దవాళ్లు ఏ భాషలో మాట్లాడుకునేవారో, సంతలో ఏ భాషలో బేరమాడేవారో అడిగి రమ్మను. మూడు భాషల్లో బేరమాడే ముసలమ్మ సవర ఇంట్లోనే ఉండొచ్చు. అప్పుడు ఆ ఇంటి పిల్లకి చెప్పడానికి అందరికంటే ఎక్కువ ఉంటుంది.

గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పు. ఇక్కడే మేష్టారుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టారు. దాంతో ఆపెయ్యకు. 1936లోనే సవరల్లో ఒకరైన మంగెయి గొమాంగో తమ భాషకి సొరంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశారు. ఇది చెప్పకపోతే, సవరలని ఎవరో వచ్చి ఉద్ధరించారన్న మాటే పిల్లల మనసులో ఉండిపోతుంది.

వివక్ష గురించి ఉపన్యాసం వద్దు. ఒక వారం గమనించి రాయమను: గది ఊడ్చేది ఎవరు? మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదు? మేడం ఎవరిని పేరు పెట్టి పిలుస్తారు, ఎవరిని ‘ఒరేయ్’ అంటారు? నీ గురించీ రాస్తారు, రాయనీ. చీటీల మీద పేర్లు వద్దు. ఎవరైనా తనంతట తను పైకి చదువుతానంటే చదవనీ, నువ్వు మాత్రం అడక్కు. చీటీల్లో ఊడ్చేవాళ్ల సంగతి బయటపడితే మర్నాటి నుంచే వంతులు వెయ్యి. లేకపోతే రాసిందంతా దండగని పిల్లలకి అర్థమైపోతుంది. కులం పేరు తిట్టుగా వినిపిస్తే అక్కడికక్కడే పాఠం ఆపి మాట్లాడు.

హెడ్మాస్టరు గారికి ముందే చెప్పి ఉంచు. కులం మాట ఇంటిదాకా వెళ్తే ఎవరో ఒకరు కోపంగా వస్తారు. టెన్షన్ పడకు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లలు రాసింది పేర్లు బయటపెట్టకుండా చదివి వినిపించు.

ఆశీస్సులతో,
మీ మేష్టారు