ఫారంలో గడి లేని రాయి

చిరంజీవి సాహితికి,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, నీ పిచ్చి దీనికీ అంటుకుంది" అన్నాడు. పోలవరం ముంపు ఊళ్లలో గుళ్లు, విగ్రహాలు, శాసనాలు నమోదు చేసే పనికి వెళ్తున్నావట. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మను నిద్రలేపి మరీ చెప్పాను. ఆవిడ "గోదావరి మీద లాంచీ ఎక్కుతుందా?" అంది. అంతే, నా నిద్ర కూడా పోయింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన రోజు టీవీ ముందు నుంచి లేవలేదు నేను. వాళ్లిచ్చిన జాకెట్ చెమట కంపు కొట్టినా సరే, ఎక్కేముందే వేసుకో.

ఫొటోలో స్కేలు పెట్టు. రాసుకున్నది రాత్రికి రాత్రే ఇంకో పుస్తకంలోకి ఎక్కించు. శాసనం అరిగిపోయింది కదా అని వదిలేయకు, కాగితం మీదకి ముద్ర తీస్తే నాలుగు అక్షరాలైనా దొరుకుతాయి. విగ్రహం ఫొటో ఊరి పేరుతో సహా ఇన్‌స్టాలో పెట్టావో, గుంటూరు నుంచి వచ్చి చెవి మెలేస్తా. విగ్రహాల దొంగలకీ ఫోన్లుంటాయి.

ఊళ్లోకి టేపు పట్టుకుని దిగగానే నిన్ను పరిహారం లెక్కలవాళ్లలో ఒకదాన్ని అనుకుంటారు. "మా ఇల్లు కొలవలేదు, ఈ బొమ్మలు కొలుస్తున్నావేంటి?" అని మొహం మీదే అడుగుతారు. ఆ మాటకు కోపం తెచ్చుకోకు, అందులో తప్పేమీ లేదు. ఈజిప్టులో అస్వాన్ డ్యామ్ నీళ్లలో మునగకుండా అబూ సింబెల్ గుడిని 1964 నుంచి 68 దాకా ముక్కలు ముక్కలుగా కోసి 65 మీటర్లు పైకెక్కించారని ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అదే డ్యామ్ చెరువు కింద ఊళ్లు పోగొట్టుకున్న నూబియన్లు ఒక్క ఈజిప్టులోనే దాదాపు 50 వేల మంది, వాళ్ల పేరు ఎంతమందికి తెలుసు?

మన నాగార్జునకొండ సంగతే చూడు. 1954లో తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా తవ్వారు, ఆ మధ్యలోనే 1955 డిసెంబరులో నెహ్రూ వచ్చి నాగార్జునసాగర్ డ్యామ్‌కు పునాదిరాయి వేశాడు. తవ్వేవాళ్లకు వెనక నీళ్లు తరుముకొస్తున్నట్టే. అయినా అంత పని జరిగిందంటే పైన పట్టించుకునేవాళ్లు ఉన్నారు కాబట్టే. పైన ఎవరికీ పట్టకపోతే "ముఖ్యమైనవేమీ లేవు" అని ఒక్క వాక్యం రాయించుకుని ఫైలు మూసేస్తారు. నీ చేత కూడా రాయించాలని చూస్తారు, చాలా మర్యాదగా, టీ ఇప్పించి మరీ. అలాగని డ్యాములను తిట్టే హక్కు నాకుందా? మన నరసరావుపేట పొలం సాగర్ కుడి కాలువ కిందదే. నా చదువు ఆ నీళ్లతో పండిన వడ్లమీదే సాగింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. నువ్వూ అక్కడ ఎవరికీ ఉపన్యాసాలు ఇవ్వకు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా చెప్పలేదు.

శ్రీశైలం ముంపు పనికి కృష్ణ ఒడ్డున ఓ ఊరికి వెళ్లాను. పేరు రాయను. నాకు ఇరవై నాలుగేళ్లు, గుళ్ల బొమ్మలు గీసే తాత్కాలిక ఉద్యోగం. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించడం గురించే ఎక్కడ చూసినా మాటలు, మాక్కూడా అలాంటిదేదో దొరక్కపోతుందా అని ఆశ. దొరికింది, చిన్న శివాలయం. దాని గడప మీది పద్మంలో రేకులు లెక్కపెట్టి మరీ మూడు రోజులు గీశాను. ఊరి నడుమ బొడ్రాయి ఉంది. సగం మట్టిలో, పసుపూ కుంకుమా పేరుకుపోయి. ఫారంలో కాలం, శాసనం, శిల్పం అని గళ్లున్నాయి, దానికి ఏ గడీ నప్పలేదు. "శాసనం లేదు, ప్రాధాన్యం లేదు" అని రాసి పక్కకు పెట్టాను. ఆ సాయంత్రం మజ్జిగ తెచ్చిన ముసలమ్మ "మా బొడ్రాయిని రాశావా నాయనా?" అంటే "రాశానమ్మా" అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

1981లో ఆ ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. నేను రిటైరైన రెండేళ్లకు, బ్రాడీపేటలో మనింటికి ఇద్దరు మనుషులు వచ్చారు, చేతిలో కొబ్బరికాయల సంచి. ఎవరి ద్వారా నా అడ్రసు పట్టుకున్నారో ఏమో. పునరావాస కాలనీలో కొత్త బొడ్రాయి నిలబెట్టుకున్నారట, కానీ పాతదాని మీద మనసు పోలేదట. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఆ బురదలోకి వెళ్లి వెతుకుతున్నారట. "మీ కాగితాల్లో ఎక్కడుందో ఉంటుంది కదా సారూ, శివాలయం నుంచి ఎన్ని అడుగులో చెబితే చాలు" అన్నారు. ఇంట్లో ఉంచుకున్న నకలు పుస్తకం తీశాను. పద్మంలో పదహారు రేకులు, ఒక్కొక్కటి విడివిడిగా. బొడ్రాయికి ఆ ఒక్క వాక్యం. కొలత లేదు, దిక్కు లేదు. వాళ్లు చాలాసేపు ఆ పేజీ చూసి "పర్లేదు సారూ" అన్నారు. ఒక కొబ్బరికాయ మా ఇంట్లో పెట్టి వెళ్లారు. కొట్టడానికి నాకు చేతులు రాలేదు, మీ పెద్దమ్మ తీసుకెళ్లి గుళ్లో కొట్టింది.

నువ్వెళ్లే చోట కోయలు, కొండరెడ్ల ఊళ్లున్నాయి. అక్కడ చాలా దేవతలకు గోపురముండదు, చెట్టు మొదట్లో ఒక రాయే. నీ ఫారంలో ఆ రాయికి గడి ఉండదు. ఫారం వెనక్కి తిప్పి రాసుకో. ఏ ఇంటి నుంచి ఎన్ని అడుగులు, ఏ దిక్కు, ఎవరు పూజ చేస్తారు, ఏ పేరుతో పిలుస్తారు, అన్నీ. ముసలివాళ్లను ముందు అడుగు, సర్పంచిని తర్వాత. పై అధికారి కొట్టేస్తే కొట్టేయనీ, నీ పుస్తకంలో ఉంటుంది కదా.

మీ పెద్దమ్మ కందిపొడి, నేను నా పాత ముప్పై మీటర్ల టేపు పార్సిల్ చేశాం. మొదటి మీటరు దగ్గర చిరిగింది, చూసుకుని కొలువు. లాంచీ ఎక్కిన రోజు జాకెట్‌తో ఒక ఫొటో పంపు, ముఖం కనపడకపోయినా ఫరవాలేదు, బకిల్స్ పెట్టుకున్నావో లేదో కనపడాలి.

నీ పెదనాన్న
గుంటూరు