పర్వతం లేనిచోట ‘అగ్నిపర్వత బిలం’ అనవచ్చునా?

సందేహం: మేము చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లం. సౌదీ అరేబియా ఎడారిలోని అల్ వహ్బా గురించి ఇక్కడి తెలుగు సంఘం సంచికకు వ్యాసం రాస్తూ, “ఈ అగ్నిపర్వత బిలం లావా కక్కడం వల్ల ఏర్పడింది” అన్నాను. అక్కడున్నది పర్వతం కాదు, నేలలో పెద్ద గొయ్యి కాబట్టి ‘అగ్నిపర్వతం’ చెల్లదనీ, ‘బిలం’ అంటే గుహ అనీ ఒక మిత్రుడు ఆక్షేపించారు. ఏది సాధువు?

సమాధానం: ‘అగ్నిపర్వత బిలం’ సాధువే. విడదీస్తే ‘అగ్నిపర్వతం’లో కొండ ఉన్నమాట నిజం, మీరు చెన్నైలో వినే ‘ఎరిమలై’లోనూ ఉన్నది కొండే. కానీ రూఢికెక్కిన మాటను వ్యుత్పత్తి కట్టిపడేయలేదు. నువ్వుల నెయ్యిగా పుట్టిన ‘నూనె’ను కొబ్బరికీ, వేరుశనగకూ నిస్సంకోచంగా వాడుతున్నాం కదా! భూగర్భంలోని శిలాద్రవం గాని, దాని వేడిమికి పుట్టిన ఆవిరి గాని నేలను చీల్చుకొని వెలువడిన చోటు కొండగా పెరిగినా పెరగకపోయినా శాస్త్రవ్యవహారంలో అగ్నిపర్వతమే.

‘బిలం’ విషయంలో మీ మిత్రుని అభ్యంతరానికి ఆధారం లేకపోలేదు. కిష్కింధకాండలో మాయావిని తరుముతూ వాలి ప్రవేశించిన బిలం గుహ వంటిదే. అయినా ‘ఉల్కాబిలం’ వంటి ప్రయోగాల వల్ల విశాలంగా నోరు తెరిచిన పల్లానికి కూడా ఆ మాట స్థిరపడింది. ‘గొయ్యి’ అంటే ఎవరో తవ్వినట్లు స్ఫురిస్తుంది కనుక నేను ‘బిలం’ వైపే మొగ్గుతాను. అయితే ‘బిలం’ అని ఊరుకుంటే దాని పుట్టుక తెలియదు: మహారాష్ట్రలో దక్కను నల్లరాతిపై సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పున ఉన్న లోణార్ బిలం ఉల్కాపాతం వల్ల ఏర్పడినది, వహ్బా అటువంటిది కాదు. కాబట్టి ‘అగ్నిపర్వత’ అనే విశేషణాన్ని వదలకండి.

నిజానికి దిద్దవలసింది మీ మిత్రుడు పట్టించుకోని ‘లావా కక్కడం’. హర్రత్ కిష్బ్ అనే బసాల్టు (లావా గడ్డకట్టిన నల్లరాయి) మైదానపు పశ్చిమపు అంచున, దాదాపు 2 కిలోమీటర్ల వెడల్పు, 250 మీటర్ల లోతు ఉన్న ఈ బిలాన్ని తొలిచింది లావా ప్రవాహం కాదు. పైకి వస్తున్న శిలాద్రవం భూగర్భజలాన్ని తాకగా, ఆ నీరు క్షణంలో ఆవిరై వ్యాకోచించి, పైనున్న పాత లావా పొరలను పగలగొట్టి ముక్కలు ముక్కలుగా ఎగజిమ్మింది. ఇలా ఏర్పడిన బిలాన్ని భూశాస్త్రజ్ఞులు ‘మార్’ అంటారు. లోపల ఉన్నంతవరకు శిలాద్రవం, ఉపరితలానికి వచ్చి ప్రవహిస్తే లావా. ఈ రెంటినీ కలిపేస్తే భాషతోపాటు శాస్త్రమూ తప్పుతుంది. అన్నట్లు, అంచు చుట్టూ పేరుకున్నదాన్ని ‘బూడిద’ అనడం వాడుకే గాని, అది ఏదో కాలగా మిగిలినది కాదు, నుగ్గయిన రాయి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: “శిలాద్రవం భూగర్భజలాన్ని తాకడంతో సంభవించిన ఆవిరి పేలుళ్ల వల్ల ఈ అగ్నిపర్వత బిలం ఏర్పడింది.”