పాత మిషనా? ముందు నూనె వాసన చూడండి

రాయగడ నుంచి ఒకమ్మాయి అడిగింది. తెలిసినావిడ దగ్గర స్టాండుతో సహా పాత సింగర్ కాలి మిషన్ ఉందట, 4,500 చెబుతోందట. కొత్తదైతే తొమ్మిది వేల దాకా పెట్టాలి. ఇంట్లో జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్ వేసి నాలుగు డబ్బులు చూసుకోవాలని ఆశ. "వాళ్ళింట్లో ఎవరూ పెద్దగా వాడలేదు, కొత్తదానిలా మెరుస్తోంది. కొనమంటారా?" అని ప్రశ్న.

ఆఖరి మాట దగ్గరే నాకు గుండె గుభేలుమంది. మాది పర్లాకిమిడి. పాతికేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. "వాడలేదు" అన్న మాట నమ్మే నేను మొదటి మిషన్ కొన్నాను.

మాకు మహేంద్రతనయ దాటితే పాతపట్నం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు పడింది, చుట్టాలు సగం మంది అటు ఉండిపోయారు. అందుకని పెళ్ళి సంబంధమైనా పాత సామానైనా ఏటికి రెండు పక్కలా వాకబు చేస్తాం. అలా దొరికింది పాతపట్నంలో ఒక రిటైరైన మేష్టారింట్లో మిషన్. హాల్లో టీవీ పక్కన, క్రోషియా అల్లిన కవరు కప్పి ఉంది. కవరు తీస్తే నల్లగా నిగనిగలాడుతూ, బంగారు అక్షరాలు ఒక్కటి కూడా చెరగకుండా, నుదుట దసరా నాటి కుంకుమ బొట్టుతో పెళ్ళికూతురిలా ఉంది. "మా నాన్న పెళ్ళికిచ్చింది తల్లీ. వాడింది లేదు గానీ నెలనెలా నూనె మాత్రం వేస్తాను" అంది మేష్టారి భార్య. ఏ నూనె అని అడగాలని నాకు తట్టలేదు. నా తోడికోడలు చక్రం తిప్పి చూసి "గిర్రున తిరుగుతోందప్పా, తీసేసుకో" అంది. మూడు వేలు లెక్కపెట్టి ఇచ్చి ఆటోలో వేసుకొచ్చేశాం. అది వైశాఖమాసం. ఆ సంగతి గుర్తుంచుకోండి.

ధనుర్మాసం వచ్చింది. సంక్రాంతికి పద్దెనిమిది జాకెట్లు ఒప్పుకున్నాను. తెల్లారి ఐదింటికి కూర్చుంటే చక్రం కదల్లేదు. రెండు చేతులతో తిప్పినా లేదు. మధ్యాహ్నం ఎండెక్కాక దానంతటది తిరిగింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే తంతు. మా అత్తగారు దిష్టి తగిలిందని మిషన్‌కి ఎర్రనీళ్ళు దిగదీశారు. నిజం, నవ్వకండి.

అప్పట్లో మా బజారులో ఒక ముసలి మేస్త్రి మిషన్లు బాగుచేసేవాడు. ఒడియా ఆయనే గానీ తెలుగు మాకంటే బాగా మాట్లాడేవాడు. వచ్చి, మిషన్ని వెనక్కి వాల్చి, అడుగున వేలు పెట్టి రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటమ్మా, దీనికి తలంటు పోసినారేటి?"

కొబ్బరినూనె! ఏళ్ళ తరబడి ఆవిడ వేసింది తలకు రాసుకునే కొబ్బరినూనె. అది 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. వైశాఖంలో గిర్రున తిరిగింది మిషన్ మంచిదై కాదు, ఎండకు నూనె కరిగి. పైగా ఏళ్ళు గడిచేకొద్దీ గాలి తగిలి ఆ నూనె జిగురైపోతుంది. షటిల్ (కింది దారం బాబిన్ కూర్చునే, లోపల తిరిగే ముక్క) ఊడదీస్తే దాని గూటి చుట్టూ గోధుమరంగు పదార్థం, అచ్చం తుమ్మబంక. రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గీకితే బంక పోయింది. పోయాక దాని కింద తుప్పు బయటపడింది. షటిల్ తిరిగే గూడంతా సన్నసన్నటి గుంటలు.

"వాడి ఉంటే అరిగేది, అరిగితే షటిల్ మార్చేసేవాణ్ణి. గూడే తినేసింది కదమ్మా, దీన్నేటి మార్చను?" అన్నాడు. ఆయన కూలి, సామాను కలిపి పదకొండు వందలు. అయినా పది కుట్లకొకటి దాటేస్తూనే ఉండేది. ఆ సంక్రాంతికి పదకొండు జాకెట్లు వేరే టైలరుకిచ్చి కుట్టించి, వచ్చిన డబ్బు వచ్చినట్టే ఆయన చేతిలో పోశాను. (జాకెట్టు బట్ట భోగి ముందురోజు తెచ్చి "రేపటికిచ్చెయ్యి అప్పా, చిన్న పనే కదా" అనేవాళ్ళ గురించి విడిగా ఒక పురాణం రాయాలి.)

తర్వాత కొన్న మిషన్ మీద ఈరోజుకీ కుడుతున్నాను. అది కొట్టు ఎత్తేసిన ఒక టైలరు దగ్గరి ఉషా. చూడ్డానికి దరిద్రంగా ఉండేది. ఎడమచెయ్యి ఆనే చోట పెయింటంతా పోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. పేరులో ఒక్క అక్షరమే మిగిలింది. కానీ రోజుకు పది గంటలు తిరిగిన మిషన్ అది. పొట్టకూటి మిషన్‌కి ఎవరూ కొబ్బరినూనె పొయ్యరు, పోస్తే మర్నాడు కూడు ఉండదు. అందుకే నా మాట ఒకటే: కొంటే టైలరు మిషన్ కొనండి, కవరు కప్పిన మిషన్ జోలికి వెళ్ళకండి. ఈ మాటకు మా మరిది ఒప్పుకోడు. ఆయన జీవితంలో గుండీ కూడా కుట్టలేదు, వదిలెయ్యండి.

సింగర్ పేరు చూసి మోజు పడకండి. హెడ్, అంటే స్టాండు మీద కూర్చునే మిషన్, దాని అడుగు పలక మీద నంబరుంటుంది. దాని ముందు ఇంగ్లిషు అక్షరాలు E తో మొదలైతే అది చాలావరకు స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది. 1980లోనే మూసేసిన ఆ ఫ్యాక్టరీ ఇనుము మంచిదే, కాదనను. కానీ పేరు స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు. పాత మిషన్‌కి కొత్త పెయింటు కనిపిస్తే ఇంకా అనుమానించండి, నూనె పోసే కన్నాలు కూడా పెయింటుతో పూడిపోయి ఉంటాయి.

ఈ సింగర్ పిచ్చి ఎంతదాకా పోయిందంటే, 2009లో సౌదీలో ఒక పుకారు లేచింది. పాత సింగర్ మిషన్ సూదుల్లో ఎంతో ఖరీదని చెప్పుకునే ఎర్ర పాదరసం ఉంటుందట, సూది దగ్గర సెల్‌ఫోను పెడితే లైను కట్టయిపోతే ఉన్నట్టట! అక్కడ జనం ఎగబడి లక్షలకు కొన్నారని పేపర్లలో వచ్చింది. రియాద్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి "అప్పా, నీ మిషన్ అమ్మకు, నేనొస్తున్నాను" అన్నాడు. అది ఉషారా నాయనా అంటే పెట్టేశాడు.

సరే, మీ సంగతి. చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, చల్లగా ఉన్నప్పుడు. దారం తీసేసి చక్రాన్ని చేత్తో మీ వైపుకి నెమ్మదిగా తిప్పండి. ఒకేచోట పట్టేస్తున్నా, చక్రం అటూ ఇటూ ఊగుతున్నా లోపల ఏదో పోయినట్టే. షటిల్ తీయించి గూట్లో గోరుతో గీసి చూడండి. వాసన చూడండి, మొహమాటం వద్దు. అసలు మిషన్ ఆయిలుకి వాసన దాదాపు ఉండదు. పాదం కింద పళ్ళు మొనలు అరిగి నున్నగా ఉంటే బట్ట ముందుకి జరగదు, కానీ అవి మార్చుకోవచ్చు. బాబిన్, బెల్టు, సూది బజారులో దొరికేవే, వాటికి భయపడకండి. బట్ట మీరే పట్టుకెళ్ళండి: జాకెట్టు గుడ్డ రెండు మడతలు, జీన్సు ముక్క నాలుగు మడతలు. పైన ఎర్రదారం, కింద తెల్లదారం వేసి కుట్టించండి. పైవైపు తెల్లచుక్కలో, కిందివైపు ఎర్రచుక్కలో కనిపిస్తే బిగువు సరిచేయించి మళ్ళీ చూడండి. చుక్కలు సర్దుకుంటాయి, కానీ దాటిపోయే కుట్టు సర్దుకోదు.

తొందరపడి ఆవిడ దగ్గరే కొనాలనేం లేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీపని కూడా ఉంది, పనిముట్లకు 15,000 దాకా ఇస్తారు. మా వీధిలోనే ఇద్దరు కొత్త మిషన్లు తెచ్చుకుని పాతవి అమ్మేశారు. మీ ఊళ్ళోనూ టైలర్ల దగ్గర అడగండి. మీకూ అర్హత ఉందేమో కనుక్కోండి.

ఇంతా చదివి కూడా ఆ మెరిసే మిషనే కావాలంటారని నాకు తెలుసు, నేనూ అలాగే కొన్నాను. కొంటే మూడు వేలు దాటకండి. హెడ్ పనికిరాకపోయినా స్టాండు పోత ఇనుముది కాబట్టి ఇంకో హెడ్ తెచ్చి బిగించుకోవచ్చు. నా ఉషా కూర్చున్నది మేష్టారింటి స్టాండు మీదే.